కుడికాలి మడత

ఆఫీసుకి సైకిల్ మీద వెళ్దామని షాపుకి వెళ్లిన రోజున, సైకిల్ బేరం తేలకముందే నన్ను పక్క గదిలోకి తీసుకెళ్లారు. గోడ నిండా బట్టలే. లోపల మెత్త కుట్టిన బిగుతు నిక్కర్లు, వీపున మూడు జేబులున్న జెర్సీలు, వేళ్లు లేని చేతి తొడుగులు. "రోజూ ఎనిమిది కిలోమీటర్లంటే ఇవి లేకుండా కష్టం సార్, వారానికే మానేస్తారు" అన్నాడు అక్కడి కుర్రాడు. అబద్ధం చెప్పాడని అనను. అతనికి అలాగే నేర్పారు. కొన్నాను, పది రోజులు వేసుకున్నాను, తీసి పక్కన పెట్టాను. సైకిల్ మాత్రం ఆరేళ్లుగా తొక్కుతూనే ఉన్నాను, హైదరాబాద్‌లో తార్నాక నుంచి అబిడ్స్‌కి, మామూలు బట్టల్లో.

సైకిల్ మీద ఉద్యోగానికి వెళ్లాలంటే దానికి ప్రత్యేకమైన దుస్తులు ఉండి తీరాలన్న మాట ఇప్పుడు ఎవరినడిగినా చెబుతున్నారు. అది తప్పు. తప్పే కాదు, సైకిల్ ఎక్కాలనుకున్న వాళ్లని గుమ్మంలోనే ఆపేస్తోంది కాబట్టి హాని కూడా.

తెల్లవారి అయిదున్నరకి విద్యానగర్ రోడ్డు మీద కాసేపు నిలబడండి. రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మన్లు, పేపర్ వేసే కుర్రాళ్లు, టిఫిన్ డబ్బా హ్యాండిల్‌కి తగిలించుకుని అడ్డాకి వెళ్లే మేస్త్రీలు. ఏడాది పొడవునా, ఎండలోనూ వానలోనూ, ఈ ఊళ్లో సైకిల్ మీద పనికి వెళ్లేది వీళ్లే. ఆ వాచ్‌మన్ ప్యాంటు ఒకసారి దగ్గరగా చూడండి. కుడికాలు మాత్రమే పిక్క దాకా మడిచి ఉంటుంది, ఎడమకాలు మామూలుగానే ఉంటుంది. చైను ఉండేది కుడివైపు. ఎడమకాలు మడిస్తే అరక్షణం శ్రమ దండగ. ఏళ్ల తరబడి తొక్కితే తప్ప రాని తెలివి అది. దానికి ఏ షాపులోనూ ధర లేదు.

పత్రికల్లో సైక్లిస్టు అని వేసే బొమ్మలో ఈ మనిషి ఉండడు. నల్లకళ్లద్దాలు పెట్టుకుని, ఒంటికి అతుక్కున్న రంగుల బట్టల్లో, హ్యాండిల్ మీదికి వంగిపోయిన కుర్రాడు ఉంటాడు. నగరం కూడా ఆ కుర్రాడినే దృష్టిలో పెట్టుకుంది. అవుటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేసి, పైన సోలార్ పలకల నీడ కూడా ఏర్పాటు చేసి, 2023 అక్టోబరులో తెరిచారు. ఆదివారం పొద్దున వ్యాయామానికి అది బ్రహ్మాండంగా ఉంటుంది. నారాయణగూడ దాటి అబిడ్స్ చేరాల్సిన గుమాస్తాకి మాత్రం ఒక్క అడుగు నీడ కూడా రాలేదు. సైకిల్ అంటే ఆట అని తేల్చేశాక, ఆటకి యూనిఫాం కావాలనడం సహజమే. ఆ మాట విని మామూలు ఉద్యోగి ఇది మనకి కాదులే అని స్కూటర్ తాళం తీసుకుంటాడు. నా కోపమంతా అక్కడే.

ఆ బిగుతు బట్టల్లో ఉండే లైక్రాని నేను తిట్టను. 1958లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో పుట్టిన ఆ సాగే నూలు పందేలు ఆడేవాళ్లకి నిజంగా మేలు చేసింది. సన్నటి గట్టి సీటు మీద ముందుకి వంగి మూడు నాలుగు గంటలు తొక్కితే బరువంతా గజ్జల మీద పడుతుంది, చర్మం ఒరుసుకుపోతుంది, అప్పుడు మెత్త ఉండాల్సిందే. మరి మనం తొక్కేది నలభై నిమిషాలు. నిటారుగా, స్ప్రింగులున్న వెడల్పు సీటు మీద కూర్చుంటే బరువు పిర్రల కింది ఎముకల మీద నిలబడుతుంది. మన నాన్నల హెర్క్యులస్‌లకీ అట్లాస్‌లకీ ఆ సీటే ఉండేది. సన్న సీటున్న సైకిల్ అమ్మి, ఆ సీటు పెట్టే బాధకి నిక్కరు అమ్మడం ఎక్కడి న్యాయం?

ఇంకో సంగతి ఎవరూ పైకి చెప్పరు. ఆ మెత్త నిక్కరు కింద లోదుస్తులు వేసుకోకూడదు, వేసుకుంటే ఆ కుట్లే ఒరుస్తాయి. అంటే ఆఫీసు చేరాక మొత్తం బట్టలు మార్చుకోవాలి. ఎక్కడ? మన ఆఫీసుల్లో చాలావాటికి గొళ్లెం సరిగ్గా పడే బాత్రూమే ఉండదు. నేను ఆ పది రోజులూ తడి నేల మీద ఒంటికాలితో నిలబడి ప్యాంటు ఎక్కించుకున్నాను.

మామూలు బట్టలన్నీ ఒకటే అనడం లేదు. జీన్స్ వద్దు. కాళ్ల సంధిలో నాలుగు కుట్లు ఒకచోట కలుస్తాయి, ఆ ముడి సరిగ్గా సీటుకీ ఒంటికీ మధ్యన పడుతుంది. తడిస్తే సాయంత్రం దాకా ఆరదు కూడా. నేను మా వీధి టైలర్ దగ్గర పల్చటి కాటన్ ప్యాంట్లు కుట్టించుకుంటాను. సంధిలో పలక ఆకారంలో ఒక గుడ్డముక్క వేయమన్నాను. దాంతో నాలుగు కుట్లు ఒకచోట కలవవు, కాలు ఎత్తినప్పుడు గుడ్డ పట్టేయదు. పైజమాలకి ఎప్పటినుంచో వేస్తున్నదేగా అన్నాడాయన. పైన మంగళగిరి కాటన్ చొక్కా, వదులుగా, బయటికి వదిలేసి.

"మన ఎండలకి చెమటలు కారుతూ ఎలా వెళ్తారు?" అనేది అందరూ వేసే ప్రశ్న. చెమట పట్టడం కాదు ఇబ్బంది, ఆరకపోవడం. ఆరేటప్పుడే ఒళ్లు చల్లబడుతుంది. హైదరాబాద్ వేసవి పొడిగా ఉంటుంది, కదులుతున్నంతసేపూ గాలి ఆరబెడుతూనే ఉంటుంది. ఆగిన మరుక్షణమే ధారలు కడుతుంది. అందుకని నేను చివరి కిలోమీటరు నడకకన్నా కాస్త ఎక్కువ వేగంతో వెళ్తాను, చేరాక పది నిమిషాలు ఫ్యాన్ కింద కూర్చుంటాను. విజయవాడలో, విశాఖలో గాలిలోనే తేమ ఎక్కువ, అక్కడ ఇంత సులువు కాదు. ఇంకో చొక్కా మడిచి సంచిలో పెట్టుకోవాల్సిందే. వాసన సంగతంటారా, అప్పుడే పట్టిన చెమటకి పెద్దగా వాసన ఉండదు, సూక్ష్మజీవులు చేరాకే వస్తుంది. ఉతికినా ఆ వాసనని వదలకుండా పట్టుకునేది పాలిస్టర్. ఆ ఖరీదైన జెర్సీలు పాలిస్టరే.

ప్యాంటు అంచున నల్లటి గ్రీజు మరక పడుతోందంటే తప్పు ప్యాంటుది కాదు. చైన్ కవర్ ఏదీ? వీపున బురద గీత పడిందంటే మడ్‌గార్డు ఏదీ? సంచి భుజానికి తగిలించుకుని వీపంతా తడుస్తోందంటే క్యారేజీ ఏదీ? సైకిల్ నుంచి ఇవన్నీ ఊడబెరికి, అవి చేసే పని మన ఒంటి మీది బట్టలకి అప్పజెప్పారు.

ఆడవాళ్ల విషయంలో ఇది మరీ అన్యాయంగా మారింది. ఆంధ్రాలో 'బడికొస్తా' పథకం కింద ప్రభుత్వ బడుల ఆడపిల్లలకి సైకిళ్లు ఇచ్చారు, వాళ్లు స్కూలు బట్టల్లోనే తొక్కారు. రాడ్డు కిందికి వంచిన లేడీస్ సైకిల్ ఉంది, చైను మూసే కవరుంది, ఇంకేం కావాలి? జాగ్రత్త పడాల్సింది చున్నీ విషయంలో. అది చక్రంలో పడితే ప్రాణం మీదికి వస్తుంది. అడ్డంగా వేసి నడుం దగ్గర ముడేయాలి, లేదా సంచిలో పెట్టేయాలి. అదే అమ్మాయి ఉద్యోగంలో చేరాక సైకిల్ అంటే "ఆ బట్టలు మనకెందుకమ్మా" అంటారు ఇంట్లో. ఏ బట్టలు? ఆమెని ఎవరడిగారు ఆ బట్టలు?

అసలు బిగుతు ఆఫీసులో ఉంది. టక్ చేయాలి, తోలు బూట్లు వేయాలి. చెప్పులతో వచ్చానని నాకూ ఓసారి మెమో ఇచ్చారు, జులై వానలో. 1898లో ఇంగ్లండులో లేడీ హార్బర్టన్ అనే ఆవిడ సైకిల్ తొక్కడానికి అనువుగా వదులు నిక్కరు వేసుకుని ఒక హోటల్‌కి వెళ్తే, ఆ బట్టలతో కాఫీ గదిలోకి రానివ్వలేదు. ఆవిడ పక్షం వాళ్లు కోర్టుకెళ్లారు, మరుసటి ఏడాది ఓడిపోయారు. సైకిల్ మీద వచ్చిన మనిషిని బట్టల పేరుతో వాకిట్లో నిలబెట్టడం అంత పాతది. మన దగ్గర పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటుకే సైకిల్ మీద వెళ్లేవారు. పార్లమెంటుకి తగ్గని పరువు మన సెక్షన్లకి తగ్గుతుందా? వదిలేసిన చొక్కా, వెనక పట్టీ ఉన్న చెప్పులు, తడిసిన రెయిన్‌కోటుకి ఒక కొక్కెం, లోపలినుంచి గొళ్లెం పడే ఒక గది. ఇంతకన్నా ఏ ఆఫీసునీ అడగడం లేదు.

కిందటి నెల మా సెక్షన్‌లో ఒకావిడ సోమవారం నుంచి సైకిల్ మీద వస్తానన్నారు. రామంతాపూర్ నుంచి. ఏం బట్టలు కొనుక్కోమంటారు అన్నా అని అడిగారు. ఏమీ వద్దమ్మా, రిపేరు షాపుకెళ్లి చైన్ కవర్ బిగించుకోండి అన్నాను.