సాంకేతిక సేవల మార్పునకూ అదును ఉన్నది

ప్రగతి నగర్‌లో మేముండే అపార్ట్‌మెంటులో సగం ఇళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులవే. వారిలో ఒకాయన హైటెక్ సిటీలో కూర్చొని ఒక విదేశీ బ్యాంకు కంప్యూటర్ వ్యవస్థలో మార్పులు ప్రవేశపెట్టే పని చేస్తారు. నెలాఖరు లెక్కల వారంలో ఎంత చిన్న మార్పునైనా అనుమతించరట. మార్పును ముందు కొద్దిమందిపై పరీక్షించి, వికటిస్తే పాత స్థితికి మరలే దారి సిద్ధం చేసుకొని, ఆ తరువాతనే అందరికీ విడుదల చేస్తారట. వింటున్నంతసేపూ నాకు మన చిరుసంచుల ప్రదర్శనలే గుర్తుకు వచ్చినవి. ఒక కొత్త వరి రకాన్ని ఒకేసారి జిల్లా అంతటా నాటించము గదా!

వ్యవసాయ విశ్వవిద్యాలయాల సిబ్బందికి అందే సాంకేతిక సేవల ప్రకటనలలో ఈ జాగ్రత్త కనిపించదు. ఈమెయిల్ నిల్వ తగ్గుతుందని, పాస్‌వర్డ్ మార్చుకోవాలని, ఫలానా తేదీ తరువాత పాత సర్వర్ పనిచేయదని ఒక ఉత్తరం వస్తుంది. అది ఆంగ్లంలో, కంప్యూటర్ విభాగం పరిభాషలో ఉంటుంది. క్షేత్రంలో ఎప్పుడు ఏ పని నడుస్తున్నదో దానికి పట్టదు.

మార్పులు అనవసరమని నా వాదన కాదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై సైబర్ దాడి జరిగినప్పుడు అంతటి ఆసుపత్రిలో రోగుల నమోదు రోజుల తరబడి కాగితాల మీద సాగింది. అటువంటి దాడి పరిశోధన సంస్థపై జరగదన్న హామీ లేదు. పైగా అనేక మార్పులు మన చేతిలోనివి కావు. విద్యాసంస్థలకు అపరిమితంగా ఇస్తున్న ఉచిత నిల్వను సంస్థ మొత్తానికి 100 టెరాబైట్లకు పరిమితం చేస్తున్నట్లు గూగుల్ 2021 ఫిబ్రవరిలో ప్రకటించి, 2022 జూలై నుండి అమలుకు పూనుకొన్నది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ అవసరం కాబట్టి, అది లేని పాత కంప్యూటర్లను నవీకరించుటకు వీలుపడదు. మన ప్రయోగశాలలలో నేల నమూనాలు విశ్లేషించే పరికరాలకు జతపరచిన కంప్యూటర్లు కొన్ని ఇటువంటివే. ఆ పరికరపు సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌పై నడవకపోవచ్చు. అటువంటి వాటిని ఇంటర్నెట్ నుండి విడదీసి వాడుకొనుటయే మేలు. కాని ఈ ఒక్క వాక్యాన్ని ప్రయోగశాల సహాయకునికి తెలుగులో ఎవరు చెప్పారు?

నేను పూర్వం పనిచేసిన ఒక పరిశోధన స్థానంలో జరిగిన సంగతి చెబుతాను. పాత ఈమెయిల్ సేవ మూడు వారాలలో నిలిచిపోతుందని, ఎవరి దస్త్రాలు వారు భద్రపరచుకోవలెనని జూన్ చివరి వారంలో ప్రకటన వచ్చింది. అప్పుడు తొలకరి పడి విత్తనం వేస్తున్నాము. పొడి దుక్కిలో నేరుగా విత్తే వరిపై మూడు వానాకాలాలుగా సేకరించిన కలుపు సాంద్రత, నేల తేమ కొలతలను క్షేత్ర సిబ్బంది వారం వారం నాకు మెయిల్‌లోనే పంపేవారు. వాటిని దించుకోవాలని నాకు గుర్తుకు వచ్చేసరికి ఆ ఖాతాయే లేదు. క్షేత్ర పుస్తకాలలో సగం కొలతలే దొరికినవి. మిగిలిన సగం లేక విశ్లేషణ నిలిచిపోయింది, దానిపై రాయదలచిన పత్రమూ రాలేదు. మెయిల్ పెట్టెను గిడ్డంగిగా వాడుకొనుట నా తప్పే. అయితే విత్తనం వేసే వేళ చూచి గడువు పెట్టుట నా తప్పు కాదు.

ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్‌లో 1843లో మొదలైన బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగపు దిగుబడి వివరాలను నేటికీ పరిశోధకులు వాడుకొంటున్నారు. మన దేశంలో దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాల సమన్వయ పథకం 1970లో ఆరంభమైంది. ఇటువంటి ప్రయోగాల విలువ అంతా సంవత్సరాల కొనసాగింపులోనే ఉన్నది. నడుమ రెండేళ్ల కొలతలు పోతే వాటిని మరల పండించలేము. సిద్ధాంత గ్రంథాలకు కృషికోశ్ ఉన్నది. వాటి వెనుక ఉన్న మడివారీ కొలతలు మాత్రం నేటికీ ఎవరో ఒకరి ల్యాప్‌టాప్‌లోనో, మెయిల్‌లోనో ఉంటున్నవి.

రెండంచెల ధ్రువీకరణ సంగతి మరొకటి. భద్రతకు అది మంచిదే, నేనూ వాడుతున్నాను. కాని ఏరువాక కేంద్రం మెయిల్ పదవి పేరుతో ఉంటుంది, ఓటీపీ మాత్రం రెండేళ్ల క్రితం బదిలీ అయిన అధిపతి ఫోన్‌కు వెళుతుంది. ఆయన తరగతి గదిలో ఉంటే ఇక్కడ చీడపీడల నివేదిక మధ్యాహ్నం దాకా కదలదు. ఫోన్ సంకేతం అందని క్షేత్రంలో ఓటీపీ కోసం గట్టు ఎక్కి నిలబడిన వారిని నేను చూచితిని. ధ్రువీకరణ యాప్ ఉంటే సంకేతం లేకున్నా అంకెలు వస్తాయని వారిలో ఒక్కరికీ తెలియదు. మనకు తెలియజేయబడిన గడువు ఒక్కటే, ఉపాయం కాదు.

విస్తరణ శాస్త్రవేత్తలు ఈ విషయంలో మౌనంగా ఉండుట నాకు ఆశ్చర్యం కలిగిస్తున్నది. సమాచారం ఎప్పుడు, ఎవరి భాషలో, ఎవరి నోట అందితే ఆచరణకు వస్తుందో ఈ విశ్వవిద్యాలయాలలో వారికంటె బాగుగా ఎరిగినవారు లేరు. కంప్యూటర్ విభాగం వారు ఏడాది మార్పుల పట్టికను ముందే వారికి చూపి, విత్తే, కోసే నెలలను తప్పించవచ్చును. ఏ మార్పునైనా మొదట ఒక కృషి విజ్ఞాన కేంద్రంలో నెల రోజులు నడిపి చూడవచ్చును. దీనికి అదనపు నిధులు అక్కరలేదు, ఇరు విభాగాలు ఒక మధ్యాహ్నం కలిసి కూర్చుంటే చాలును. విద్యార్థులలో ఎవరైనా దీనినే స్నాతకోత్తర పరిశోధనాంశంగా తీసుకొంటే ఇంకా సంతోషం. రైతుల స్వీకరణపై ఎన్నో సిద్ధాంత గ్రంథాలు వచ్చినవి, సిబ్బంది స్వీకరణపై నా దృష్టికి వచ్చినవి అరుదు.

మొన్న ఒక ప్రకటనను తెలుగులోకి మార్చి క్షేత్ర కార్యాలయంలో హాజరు పట్టీ పక్కన అంటించాము. అది చదివి మా క్షేత్ర సహాయకుడు, "సార్, కొత్త పాస్‌వర్డ్ పెట్టినాక ఫోన్ల ఉన్న పాత ఫోటోలు ఎటు పోతయి?" అని అడిగాడు. మూల ప్రకటనను మరల తిరగవేసి చూచితిని. దానికి జవాబు అందులో లేదు.