తిని చూడు... జపాన్‌లోనూ అదే మాట!

మా అక్క కూతురు జపనీస్ నేర్చుకుంటోంది. మొన్న హోంవర్కు పుస్తకం తెచ్చి నా ముందు పడేసింది. పెళ్లికి ముందు ఆరు నెలలు ఆ క్లాసుకు వెళ్లిన పాపానికి, ఈ పంచాయితీలన్నీ నా దగ్గరికే!

'తలుపు తెరవడానికి ప్రయత్నించాను, రాలేదు' అని రాయాలి. పిల్ల 'అకెతె మిత' అని రాసింది. టీచరు ఎర్రసిరాతో కొట్టేశారు. 'ప్రయత్నించడమంటే మిరు అనే కదా పిన్నీ పుస్తకంలో ఉంది' అని దాని ఏడుపు.

తప్పు దానిది కాదు, మధ్యలో దూరిన ఇంగ్లిషుది. 'మిరు' అంటే చూడటం. సినిమా చూడటానికీ అదే మాట. దాన్ని ఇంకో క్రియ వెనక చేరిస్తే 'తబెతె మిరు', అంటే తిని చూడటం. మక్కికి మక్కి మన మాటే! 'కొత్తావకాయ తిని చూడు' అంటే తినడం జరగాల్సిందే, ఎలా ఉందో తెలియడమే మిగిలింది. జపాన్‌లోనూ అంతే. 'అకెతె మిత' అంటే తెరిచి చూశానని. తెరిచాక రాకపోవడమేమిటి? తెరవబోయానని చెప్పాలంటే 'అకెయో తొ షిత' అనాలి. తోసి చూశాను, 'ఒషితె మిత' అన్నా సరిపోయేది. తోయడం జరిగింది కదా!

'తెలుగులో అనుకుని రాయవే' అన్నాను. రుచి చూడటం 'అజి ఓ మిరు'. నాడి చూడటం 'మ్యకు ఓ మిరు'. వాళ్లు కలని చూస్తారు, మనం కంటాం. కనడమన్నా చూడటమేగా! 'చేసి చూడు, చెబుతా' అన్న బెదిరింపు కూడా ఉంది వాళ్లకి, 'యత్తె మిరొ' అని. అలాగని రెండు భాషలకీ చుట్టరికం కలిపేయకండి. హిందీలోనూ 'ఖాకే దేఖో' అంటారు.

ఒకచోట మాత్రం జాగ్రత్త. 'రేపొచ్చి మిమ్మల్ని చూస్తాను' అంటే మనకి కలవడం. అక్కడ దానికి 'అఉ' అని వేరే మాట.

పెద్దవాళ్లని చూసుకునే పనికి జపాన్ వెళ్లాలని మా పిల్ల ఆశ. 'అమ్మని ఎవరు చూస్తున్నారు?' అని మనం అడిగినట్టే, వాళ్లూ 'మిరు'నే వాడతారు. పలకడం ఒకటే, రాతే వేరు. మామూలుగా చూడటానికి ఒక అక్షరం, డాక్టరు పరీక్షించి చూడటానికి ఒకటి, మంచంలో ఉన్నవాళ్లని కనిపెట్టుకుని చూడటానికి మరొకటి. ఆ మూడోది కాగితం మీద రాసి చూపించాను. అందులో కన్ను, చెయ్యి రెండూ ఉంటాయి.

'చెయ్యి ఎక్కడుంది పిన్నీ?'

'పైన. కంటి మీద అడ్డం పెట్టినట్టు లేదూ?'

పెన్సిల్ తీసుకుని పదిసార్లు దిద్దింది.