మొదటి డాలరు ఏ ఖాతాకు?

అమెరికాలో రెస్టారెంటో, గ్యాస్ స్టేషనో, చిన్న ఐటీ కన్సల్టెన్సీయో నడుపుతున్న తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. వ్యాపారం మునిగితే దివాలా చట్టం కాపాడుతుందన్న ధీమా సహజమే. క్రెడిట్ కార్డు బాకీలు, సరుకు బిల్లులు, పాతబడిన కొన్ని ఆదాయపు పన్ను బకాయిలు కూడా దివాలాతో రద్దు కావచ్చు. ఉద్యోగుల జీతాల్లోంచి మినహాయించి, ప్రభుత్వానికి కట్టని పన్ను మాత్రం రద్దు కాదు.

వెయ్యి డాలర్ల జీతంలో సోషల్ సెక్యూరిటీకి 62, మెడికేర్‌కు 14.50 డాలర్లు ఉద్యోగి వాటా. యజమాని కూడా సొంతంగా అంతే కలపాలి. ఉద్యోగి ఆదాయపు పన్ను దీనికి అదనం. ఉద్యోగి నుంచి మినహాయించినదంతా ట్రస్టు సొమ్మని చట్టం అంటుంది. అది కట్టకపోతే పన్ను చట్టం 6672 సెక్షన్ కింద అంతకు అంత జరిమానా యజమాని మీద వ్యక్తిగతంగా పడుతుంది. 'ఉద్దేశపూర్వకంగా' ఎగవేసి ఉండాలన్న షరతు ఉందిగానీ, అందుకు దురుద్దేశం అక్కర్లేదు. పన్ను బాకీ ఉందని తెలిసీ ముందు షాపు అద్దె కట్టినా చాలు. నెల గడవడమే గగనమైన వ్యాపారంలో సరిగ్గా జరిగేది అదే.

ఈ జరిమానా దివాలాతో పోదని అమెరికా సుప్రీంకోర్టు 1978లో సొటేలో కేసులో 5-4 మెజారిటీతో తేల్చింది. ఆ సూత్రాన్ని నేను సమర్థిస్తాను. యజమాని కట్టకపోయినా, కోత పడిన ఉద్యోగికి ఆ పన్ను కట్టినట్టే లెక్క. నష్టం ప్రజల ఖజానాది. మన భారతదేశపు 2016 దివాలా చట్టమూ కార్మికుల పీఎఫ్ సొమ్మును కంపెనీ ఆస్తుల్లో కలపకుండా పక్కన పెట్టింది.

నా అభ్యంతరం వచ్చిన డబ్బును జమ చేసుకునే తీరు మీద. ఒక కంపెనీ లక్ష డాలర్ల పన్ను బాకీ పడిందనుకుందాం. అందులో ఉద్యోగుల నుంచి మినహాయించినది 70 వేలు, కంపెనీ సొంత వాటా 30 వేలు. ఆస్తులు అమ్మగా పన్ను శాఖ చేతికి 30 వేలు వచ్చాయి. శాఖ సాధారణంగా దాన్ని కంపెనీ వాటాకే జమ చేసుకుంటుంది. కంపెనీ సొంత వాటా తీరుతుంది, 70 వేలూ యజమాని నెత్తిన మిగులుతాయి. వసూలుకు గడువు పదేళ్లు. అతను సొంతంగా దివాలాకు వెళితే ఆ గడువు ఇంకా పెరుగుతుంది.

ఇలా చేస్తే ఖజానాకు మొత్తంగా ఎక్కువ రాబడి ఉంటుందన్న వాదన నిజమే. కానీ అది ట్రస్టు సొమ్మే అయితే, అన్నిటికన్నా ముందు తీరాల్సింది అదే కదా! యజమానిని పట్టుకోవడానికి పవిత్రమైన సొమ్ము, జమ చేసేటప్పుడు చివరి పద్దు కావడం న్యాయం కాదు. కంపెనీని పునర్‌వ్యవస్థీకరించే చాప్టర్ 11 కేసుల్లో ట్రస్టు పన్నుకే ముందు జమ చేయమని దివాలా కోర్టు ఆదేశించవచ్చని సుప్రీంకోర్టు 1990లో ఎనర్జీ రిసోర్సెస్ కేసులో చెప్పింది. ఆ వెసులుబాటును మూతపడే చిన్న వ్యాపారాలకూ అమెరికన్ కాంగ్రెస్ చట్టపరంగా విస్తరించాలి.

అందాకా చిన్న యజమానులు ఒక పని చేయవచ్చు. జప్తు దాకా రానీయకుండా, తమంతట తాము కట్టే ప్రతి చెక్కుతో పాటు, దీన్ని ట్రస్టు పన్నుకే జమ చేయండని రాతపూర్వకంగా కోరాలి. స్వచ్ఛందంగా కట్టిన సొమ్ము విషయంలో పన్ను శాఖ ఆ కోరికను మన్నిస్తుంది. జప్తులో పోయిన సొమ్ముకు, దివాలా పంపకంలో చేరిన సొమ్ముకు యజమానికి ఆ హక్కు ఉండదు. కాబట్టి వ్యాపారం తడబడుతున్నప్పుడే లాయరును కలవండి.