రాడ్డు వంగితే సెట్టంతా కొనాలా?

దమ్ములు మొదలైన వారానికే ఏ వెల్డింగ్ షాపు దగ్గరికెళ్లినా వంగిన స్టీరింగ్ రాడ్లు నాలుగైదు గోడకు ఆనించి కనబడతాయి. గట్టు దాటించేటప్పుడు ముందు చక్రం రాయికి తగిలినా, బురదలో దిగబడ్డ చక్రాన్ని పట్టుబట్టి తిప్పినా ముందుగా వంగేది ఆ రాడ్డే. చేలో తిరిగే బండికి అది కర్రు లాంటిది, బెల్టు లాంటిది. ఎప్పటికప్పుడు మార్చుకోక తప్పని సామాను. కర్రు అరిగితే కర్రు ఒక్కటే అమ్ముతారు. బెల్టు తెగితే బెల్టు ఒక్కటే ఇస్తారు. స్టీరింగ్ రాడ్డు దగ్గరికొచ్చేసరికి మాత్రం చాలా షోరూముల్లో ఒకటే మాట వినిపిస్తుంది: "విడిగా రాదండీ, అసెంబ్లీ మొత్తం తీసుకోవాలి."

ఈ మాట మీదే మా అభ్యంతరం.

ట్రాక్టరు తోలని సభ్యుల కోసం అసెంబ్లీ అంటే ఏమిటో చెబుతాం. మధ్యలో ఒక గొట్టం, కొన్ని మోడళ్లలో కడ్డీ. రెండు చివర్లా బాల్ జాయింట్లు. ఒక్కో జాయింటులో గుండ్రటి తల ఉన్న పిన్ను ఒక గిన్నెలో కూర్చుని తిరుగుతుంది. పిన్ను కింద గాట్లున్న నట్టు, ఆ నట్టు ఊడకుండా స్ప్లిట్ పిన్ను. అంతే సామాను. ఇందులో వంగేది గొట్టం, అరిగేది జాయింటు. రెండూ ఒకే రోజు పాడయ్యేది బహు తక్కువ. గొట్టం వంగినవాడికి రెండు జాయింట్లూ అంటగట్టడం, ఒక జాయింటు అరిగినవాడికి రెండో జాయింటూ గొట్టమూ అంటగట్టడం వ్యాపారం కాదు, బలవంతపు వసూలు.

పోనీ అడిగిన రోజే దొరుకుతుందా? పోయిన సార్వాలో మా మండలంలో ఒక కౌలు రైతు బండికి రాడ్డు వంగింది. "స్టాకు లేదు, ఇండెంటు పెట్టాం, నాలుగు రోజులు పడుతుంది" అన్నారు. కాలువకు వంతు నీళ్లు నాలుగు రోజులు ఆగుతాయా? ఆకుమడిలో నారు ఆగుతుందా? ముదిరిన నారు నాటితే పిలకలు తగ్గుతాయని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అతను పక్క బండిని గంట లెక్కన అద్దెకు పిలిచి దమ్ము చేయించుకున్నాడు. రాడ్డు ఖరీదు, అద్దె ఖరీదు రెండూ అతనికే పడ్డాయి. పొలం యజమానికి ఇవ్వాల్సిన కౌలులో మాత్రం ఒక్క బస్తా కూడా తగ్గలేదు.

అందుకే రైతు లేత్ మిషన్ దగ్గరికి వెళుతున్నాడు. విజయవాడ ఆటోనగర్ నుంచి మండల కేంద్రాల్లోని రేకుల షెడ్ల దాకా మన మేస్త్రీలు ఈ రాడ్లు తయారు చేస్తూనే ఉన్నారు. కంపెనీల వాళ్లు దీన్ని "నకిలీ సామాను" అంటారు. కంపెనీ ముద్ర దొంగతనంగా కొట్టి డబ్బాలో పెట్టి అమ్మితే అది నకిలీ. మన కళ్ల ముందు మన కొలతకు కోసి, మర కోసి ఇచ్చింది నకిలీ ఎలా అవుతుంది? కమ్మరి కొలిమిలో సాగగొట్టిన కర్రును నకిలీ కర్రు అని ఎవరన్నా అన్నారా?

అయితే కంపెనీల వాళ్లు ఇంకో మాట కూడా అంటారు, ఇది ప్రాణాలతో పని అని. ఈ మాటను మేము కొట్టిపారేయం. స్టీరింగ్ రాడ్డు తెగితే ముందు చక్రాలు చెప్పిన మాట వినవు. బ్రేకు పోతే గేరు మీద ఆపుకోవచ్చు, రాడ్డు పోతే కాలువ గట్టు మీద చేయగలిగింది ఏమీ లేదు. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలను తీసుకెళ్తున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. ఎక్కువ మంది ఆడవాళ్లు. ఆ ప్రమాదానికి రాడ్డు కారణమని మేము చెప్పడం లేదు. కాలువ గట్టు మీద బండి అదుపు తప్పితే ట్రక్కులో కూర్చున్నవాళ్ల గతి ఏమిటో ఆ రోజు అందరం చూశాం. కూలీలను ట్రక్కులో ఎక్కించకూడదని చట్టం ఉంది. బస్సు వెళ్లని డొంకల్లో నాట్లకు పిలుచుకెళ్లే బండి మాత్రం ఈ రోజుకీ అదే. కాబట్టి రాడ్డు సంగతి తోలేవాడి సొంత సంగతి కాదు, వెనక కూర్చున్న పది మంది సంగతి.

అందువల్ల ఏది మన షెడ్డులో చేసుకోవచ్చో, ఏది చేసుకోకూడదో తేల్చి చెప్పాలి. మా మాట ఇది: గొట్టం చేసుకోండి, జాయింటు చేసుకోవద్దు.

గొట్టం చేయడానికి అతుకు లేని సీమ్‌లెస్ పైపు, లేదా ఈఎన్-8 రకం కడ్డీ కావాలి. రెండూ ఇనుము కొట్లలో అడిగితే తెప్పిస్తారు. పాత రాడ్డు వంగి ఉంటుంది కాబట్టి దాని పొడవును నేరుగా టేపుతో కొలవకూడదు, వంపు వెంబడి దారం పెట్టి కొలవాలి. రెండు వైపులా వేర్వేరు రాడ్లున్న మోడల్ అయితే బాగున్న రెండో రాడ్డే కొలత. పైపు మందం పాతదానికి తగ్గకూడదు. ఇక మరల సంగతి. చాలా రాడ్లలో ఒక చివర రైట్ థ్రెడ్డు, రెండో చివర లెఫ్ట్ థ్రెడ్డు ఉంటాయి. గొట్టాన్ని చేత్తో తిప్పితే రెండు చివరలూ ఒకేసారి లోపలికో బయటికో జరిగి చక్రాల వరస సరిచేసుకోవడానికి ఆ ఏర్పాటు. లెఫ్ట్ థ్రెడ్డు ట్యాపు లేదని కొందరు రెండు వైపులా రైట్ థ్రెడ్డే కోసిస్తున్నారు. అలాంటి రాడ్డుకు సర్దుబాటు ఉండదు. చక్రాలు వరస తప్పి ముందు టైర్లు ఒక సీజనులోనే గీరుకుపోతాయి. రాడ్డు మీద మిగిలిందంతా టైర్ల కొట్టుకు పోతుంది. లేత్ మీద లెఫ్ట్ థ్రెడ్డు కోయడం పని తెలిసిన మేస్త్రీకి పెద్ద లెక్క కాదు, అడిగి చేయించుకోండి. జాయింటు తోక గొట్టంలోకి దాని మందానికి కనీసం ఒకటిన్నర రెట్లు దిగాలి. పైన చెక్ నట్టో క్లాంపో బిగించాలి. బిగించాక ముందు చక్రాల రిమ్ముల మధ్య దూరం ఇరుసు ఎత్తులో ముందు వైపు, వెనక వైపు కొలవండి. ముందు వైపు కొద్ది మిల్లీమీటర్లు తక్కువ రావాలి. ఎంతన్నది మీ బండి పుస్తకంలో ఉంటుంది.

జాయింటు అలా కాదు. ఆ పిన్నును కొట్టి మలిచి, పైపొరను గట్టిపరిచి తయారు చేస్తారు. దానికి కావలసిన కొలిమి, వేడి లెక్క మన షెడ్డులో లేవు. ఊడిపోతున్న జాయింటుకు వెల్డింగు చుక్క పెట్టించుకునేవాళ్లు ఊరికి ఇద్దరన్నా ఉన్నారు. వెల్డింగు వేడికి ఆ గట్టిదనం చెడుతుంది, లోపలి గ్రీజు కాలిపోతుంది, అతుకు అంచున వెంట్రుకవాసి పగులు మొదలవుతుంది. ఆ పగులు బయటికి కనపడదు. లోడుతో గుంతలో పడ్డ రోజే తెలుస్తుంది. విరిగిన గొట్టాన్ని మధ్యలో అతికించడం కూడా ఇంతే. ఇంట్లో మిగిలిన నీళ్ల జీఐ పైపును రాడ్డుగా వేసేవాళ్లున్నారు. అది ఆ బరువుకు చేసిన పైపు కాదు. పైగా దాని మీద జింకు పూత ఉంటుంది, వెల్డింగు చేస్తే వచ్చే పొగ మేస్త్రీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వంగినదాన్ని ఎర్రగా కాల్చి, సాగగొట్టి, నీళ్లలో ముంచడం ఇంకో అలవాటు. కర్రుకు పనికొచ్చే పద్ధతి రాడ్డుకు పనికిరాదు. అది పెళుసెక్కి, వంగాల్సిన చోట విరుగుతుంది. వంగిన రాడ్డుతో ఇంటికి రావచ్చు, విరిగిన రాడ్డుతో రాలేము.

ఇలాంటి పనులు చేసేవాళ్లను తిట్టడం తేలిక. వాళ్లు అలా ఎందుకు చేస్తున్నారో కూడా చూడాలి. జాయింటు ఒక్కటే షోరూములో దొరికితే, దొరికిన ధర న్యాయంగా ఉంటే, వెల్డింగు చుక్క కోసం ఎవరు వెళతారు? సెట్టంతా కొనలేనివాడే అతుకు వేయించుకుంటున్నాడు. భద్రత గురించి ఉపన్యాసం ఇచ్చే కంపెనీయే విడి జాయింటు అమ్మకుండా ప్రమాదకరమైన అతుకు వైపు రైతును నెడుతోంది. బయటి సామాను వేస్తే వారంటీ పోతుందన్న బెదిరింపు దీనికి తోడు. గొట్టం మార్చుకున్నందుకు ఇంజను వారంటీ ఎందుకు పోవాలో చెప్పమంటే ఏ సర్వీసు మేనేజరూ చెప్పడు.

ఇది మన ఒక్కరి గొడవ కాదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. బయటి మెకానిక్కులకు అసలు విడిభాగాలు, పరికరాలు దొరక్కుండా చేశారన్నది అభియోగం. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, అది వేరే కథ. మార్కెట్‌ను ఇలా బిగబట్టడం తప్పని ఒక ప్రభుత్వ సంస్థే చెప్పిందన్నది మనకు ముఖ్యం. కారు యజమానికి వర్తించిన న్యాయం ట్రాక్టరు యజమానికి ఎందుకు వర్తించదు? 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసినప్పుడు వ్యవసాయ పరికరాలను మొదటి నాలుగు రంగాల్లో చేర్చింది. అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెరిచారు. చట్టం మాత్రం ఇంతవరకూ రాలేదు. పోర్టల్ చూసి రాడ్డు బిగించుకోలేం కదా!

అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో చట్టం చేసింది. 2024 జనవరి 1 నుంచి వ్యవసాయ యంత్రాల కంపెనీలు విడిభాగాలు, పుస్తకాలు, పనిముట్లు, సాఫ్ట్‌వేరు రైతుకూ బయటి మెకానిక్కుకూ ఇచ్చి తీరాలి. అక్కడి గొడవ ఎక్కువగా కంప్యూటర్ల తాళాల మీద. మన గొడవ ఇంకా ఇనుప గొట్టం దగ్గరే ఉంది. ఇక్కడే గట్టిగా నిలబడకపోతే, రేపు మన బండ్లలోకీ ఆ తాళాలు వచ్చాక అడగడానికి నోరు ఉండదు.

జీఎస్టీ సంగతీ ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద 12 శాతం ఉన్నది 5కు, టైర్ల మీద, జాబితాలో పేర్కొన్న విడిభాగాల మీద 18 ఉన్నది 5కు తగ్గించారు. సంతోషం. కానీ అక్కర్లేని సామాను మీద పన్ను తగ్గితే మనకేం మిగిలినట్టు? మీ బిల్లులో పన్ను గడి ఒకసారి చూసుకోండి, పాత రేటే వేసి ఉంటే ఎందుకని అడగండి.

మా డిమాండ్లు పెద్దవేమీ కావు. జాయింట్లు, గొట్టం, నట్లు, పిన్నులు దేనికది విడిగా, ధర రాసి అమ్మాలి. రాడ్డు పొడవు, మందం, థ్రెడ్డు కొలతలు బండితో ఇచ్చే పుస్తకంలో తెలుగులో అచ్చు వేయాలి. గొట్టం మార్చుకున్నంత మాత్రాన వారంటీ పోదని రాతపూర్వకంగా ఇవ్వాలి. దమ్ముల నెలల్లో ప్రతి డీలరు దగ్గర జాయింట్లు నిలవ ఉండాలి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. అక్కడ రైతులకు ఇచ్చే శిక్షణలాగే మన లేత్ మేస్త్రీలకు, వెల్డర్లకు స్టీరింగ్ పని మీద ప్రత్యేక శిక్షణ పెట్టాలి. మంచి రాడ్డు చేసిన మేస్త్రీ దాని మీద తన షెడ్డు గుర్తు కొట్టగలగాలి, ఆ గుర్తుకు విలువ ఉండాలి. సహకార సంఘాలు ట్రాక్టర్లకు అప్పులిస్తున్నాయి, ఒక జత లెఫ్ట్ థ్రెడ్డు ట్యాపులు కొని ఊరి షెడ్డులో పెట్టించడం వాటికి భారం కాదు.

ప్రభుత్వం కదిలేలోపు మనం చేయగలిగింది కూడా ఉంది. కాలువలకు నీళ్లు వదలకముందే ప్రతి గ్రామ కమిటీ ఒక ఆదివారం ఊళ్లోని బండ్లన్నిటినీ ఒక చోట నిలపాలి. ఇంజను ఆపి, ఒకరు స్టీరింగు అటూ ఇటూ కదుపుతుంటే ఇంకొకరు జాయింటు మీద చెయ్యి వేసి చూడాలి. చేతికి టకటక తగిలితే జాయింటు అయిపోయినట్టే. స్ప్లిట్ పిన్ను స్థానంలో కట్టుతీగ ఉంటే అక్కడికక్కడే తీసి పిన్ను వేయించాలి. అతుకు వేసిన జాయింటు కనబడితే ఆ బండికి కూలీల ట్రక్కు తగిలించనివ్వకూడదు. తోలేవాడు మన సభ్యుడైనా, మన చుట్టమైనా సరే.

మీ ఊళ్లో విడి జాయింటు ఇవ్వబోమన్న డీలరు ఎవరైనా ఉంటే, ఇవ్వబోమని కాగితం మీద రాసిమ్మని అడగండి. రాసివ్వకపోతే అడిగిన తేదీ, బండి మోడలు, చెప్పిన ధర మీరే రాసుకోండి. సెట్టంతా కొన్న బిల్లుల జిరాక్సులు వచ్చే నెల 10లోపు మండల కమిటీకి అందజేయండి. అవన్నీ కట్టగట్టి జాయింట్ కలెక్టరు గారికి ఇస్తాం.