మెరుగుపొడి యేది మేలు?

మా పాఠశాల విజ్ఞానసంఘమునకు పూర్వవిద్యార్థి యొకరు రాళ్లకు మెరుగుపెట్టు చిన్న కంపనయంత్రము నొకదానిని బహూకరించిన సంగతి చదువరులలో ననేకు లెరుగుదురు. అది వచ్చినది మొదలు మా విద్యార్థులు గోదావరి గులకరాళ్లను జేబులనిండ నింపుకొని బడికి వచ్చుచున్నారు. రాళ్లతోపాటు వివాదము నొకటి వచ్చినది. ఏ మెరుగుపొడి కొనవలయును? మిక్కిలి చౌకయైనది చాలునని కొందరును, వజ్రపుపొడి తెప్పించిననే గాని మెరుగు రాదని కొందరును వాదించుచున్నారు. తలిదండ్రుల సభలో పెద్దమనుష్యు డొకరు లేచి, "మొదట కొన్న పొడి పనికిరాలేదని విన్నాము. మరల సొమ్ము వ్యయపరచుట యెందులకండీ?" యని యడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. ఆనాడు మేము సరియైన ప్రత్యుత్తర మీయజాలకపోతిమి. ఇప్పు డీయబూనితిమి.

మా యభిప్రాయము రెండు మాటలలో నిది. పొడిని రాతినిబట్టి యెన్నుకొనవలయును గాని వెలనుబట్టి గాదు. అంతకుముందు చేయవలసిన పనిని చేయక విడిచినచో, ఎంతటి మేలిపొడియు దానికి బదులు కానేరదు.

మొదట యంత్రము పనిచేయు విధమును తెలిసికొందము. దొర్లుడు పీపాలో రాళ్లు పైకెక్కి క్రిందికి జారుచు నరుగును. కంపనయంత్రమునందు, ఒకవైపు బరువు తగిలించిన మోటారు తిరుగుటచే పాత్ర యదరును. ఆ యదురుచేత రాళ్లు ఒకదానినొకటి రాచుకొనుచు మెల్లగా చుట్టు తిరుగును. దీనివలన రాతి యాకారము చెడదు. పీపాలో వారములు పట్టు పని కొలది దినములలో ముగియును. నీరు రాళ్లను తడుపునంత మాత్రమే యుండవలయును. ఎక్కువైనచో పొడి రాళ్లను విడిచి యడుగునకు జారును. తక్కువైనచో బురద చిక్కనై కదలిక మందగించును. కావున ఈ యంత్రము నడుచుచుండగా దినమునకు పలుమారులు చూచుచుండవలయును.

అరగదీయుటకు వాడునది సిలికాన్ కార్బైడు. ముతకపొడితో మొదలిడి, సన్నపొడికిని, అటుపిమ్మట 500 సంఖ్యగల మిక్కిలి సన్నపొడికిని పోవుదురు. ప్రతి పొడియు తనకు ముందటి పొడి చేసిన గీతలను చెరిపి, తనవైన చిన్న గీతలను విడిచిపోవును. మెరుగుపొడి కడపటిది. మిల్లీమీటరును వేయి భాగములు చేసిన అందొక భాగమునకు మైక్రానని పేరు. మంచి మెరుగుపొడి రేణువు ఒక మైక్రాను ప్రాంతముననో, అంతకు తక్కువగనో యుండును. 60 సంఖ్యగల ముతకపొడి రేణువు సుమారు 250 మైక్రానులుండును. ఇట్టి రేణువొక్కటి మెరుగుపాత్రలో చిక్కినచో నేమగునో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక పొడుల విషయము. ఫ్రెడరిక్ మోస్ అను ఖనిజశాస్త్రజ్ఞుడు 1812లో ఏర్పరచిన కాఠిన్యక్రమమునందు పలుగురాయి 7, కురువిందము 9, వజ్రము 10. గోదావరిలో మనకు దొరకు అగేటు, జాస్పరు మొదలగునవి యించుమించుగ పలుగురాతి జాతివే. కురువిందమును అల్యూమినియము ఆక్సైడును ఒక్క పదార్థమే. ఈ తెల్లని పొడి పలుజాతుల రాళ్లకు చక్కగా పనిచేయును. దాని వెలయు మితమైనది. మా బడివంటి చోట మొట్టమొదట కొనదగిన దిదియే.

అద్దమునకును, అగ్నిపర్వతములనుండి పుట్టిన ఆబ్సిడియనుకును, తెల్లని స్ఫటికపు రాళ్లకును సీరియము ఆక్సైడు ప్రసిద్ధమైనది. ఇందొక వింత గలదు. ఈ పొడి పలుగురాతికంటె మెత్తనిది. మెత్తనిది గట్టిదానికి మెరుగెట్లు పెట్టును? నీటి సాహాయ్యమున సీరియము ఆక్సైడు రాతిపైనున్న సిలికాతో రసాయనికముగా కలిసి, పైపొరను మిక్కిలి సూక్ష్మముగా తొలగించును. ఒరిపిడి మాత్రమే గాక రసాయనక్రియయు నందు పనిచేయుచున్నది. గట్టిదే గొప్పదను మన విద్యార్థుల సిద్ధాంతమున కిది మంచి ప్రత్యుత్తరము. ఈ సీరియము మన భీమునిపట్టణపు టిసుకలోనున్న మోనజైటునందును గలదని భూగోళము చదువు విద్యార్థులు గుర్తుంచుకొందురుగాక.

తగరపు ఆక్సైడు పూర్వమునుండి మెరుగుపనివారు వాడుచుండినదే. మంచిదే గాని మా రాళ్లకు దానితో నవసరము లేదు. వజ్రపుపొడి కురువిందమువంటి మిక్కిలి గట్టి రాళ్లకు తగును. గులకరాళ్లకు దానిని వాడుట వృథావ్యయమని మా నమ్మకము. చలువరాయి కాఠిన్యము 3 మాత్రమే. దానిని పలుగురాళ్లతో కలిపి పాత్రలో వేసినచో, అది యరిగిపోవుటయే గాక తక్కినవాని మెరుగునుగూడ చెరచును. పొడి నెన్నుకొనుటకు ముందు రాళ్లను జాతులవారిగా వేరుచేయుట ఇందుచేతనే యావశ్యకము.

గుజరాతు దేశమందలి ఖంబాతు పట్టణమున అగేటు పూసలు చేయువారు తరతరములుగా నున్నారు. విద్యుద్యంత్రములు రాకమునుపు వారు పూసలను, కురువిందపుపొడిని, అగేటు ధూళిని, నీటిని తోలుసంచిలో వేసి, ఇద్దరు మనుష్యులు ఎదురెదురుగ కూర్చుండి ఇటునుండి యటు పలుదినములు దొర్లించుచుండెడివారు. ఆ పూసల మెరుగు చూచినవారికి, వెలగల పొడియే సర్వమను భ్రమ తొలగును. ఓపిక లేనివాని చేతిలో ఏ పొడియైనను బూడిదయే.

ఈ మాట మేము పరులకు చెప్పుటకు ముందు మాకే చెప్పుకొనవలసియున్నది. గత సంవత్సరము వార్షికోత్సవమునకు నాలుగుదినములు మాత్రమే మిగిలియుండగా, రాళ్లను ప్రదర్శనలో నుంచవలెనను నాతురతచే 500 సంఖ్య పొడితో చేయవలసిన పనిని ఒక్కరాత్రిలో ముగించితిమి. రాళ్లను పాత్రను దీపపు వెలుగున కుళాయిక్రింద నామమాత్రముగ కడిగితిమి. అదియుగాక, ముచ్చటైన రంగుగలదని మేమే యొక పగుళ్ల రాతిని అందు చేర్చితిమి. కడిగినను పోక దాని పగుళ్లలో గరుకుపొడి దాగియుండెను. ఉత్సవమునాడు రాళ్లన్నియు మబ్బుపట్టినట్లు బయటికి వచ్చెను.

అందొకటి ఆరవ తరగతి బాలునిది. పడవనడపు వాని తాతగారు వానికిచ్చిన ఎర్రని జాస్పరు. వాడు దానిని చేతిలో త్రిప్పి త్రిప్పి చూచి, "మాస్టారూ, మా తాత యిచ్చిన రాయి మంచిది కాదాండీ?" యని యడిగెను. మేము, "రాయి మంచిదే, పొడి మంచిది కాదు" అంటిమి. ఆ మాట బడియంతయు వ్యాపించి తలిదండ్రుల సభవరకును వచ్చెను. అది సత్యము గాదు. పొడిని నిందించుట మాకు సులభమైయుండెను, అంతే.

సెలవులలో భూతద్దముతో చూడగా రాళ్లపై సన్నని తిన్ననిగీత లగుపడెను. పగుళ్ల రాతిని తీసివేసి, తక్కినవానిని మరల 500 సంఖ్య పొడిలో వేసి, తొందరపడక నడిపి, పాత్రను రాళ్లను నీరు తేటపడువరకు పలుమారులు కడిగితిమి. పిమ్మట ఆ మొదటి పొట్లములోని మిగిలిన అల్యూమినియము ఆక్సైడునే వేసితిమి. ఈమారు రాళ్లు వెలుగుచు వచ్చెను. బాలునికి వాని రాతిని ఇచ్చుచు, తప్పు పొడిది గాదని, మాదని చెప్పితిమి. కావున ఆ పెద్దమనుష్యునికి మా ప్రత్యుత్తర మిది: అయ్యా, మీరిచ్చిన సొమ్ము వృథాపోలేదు, మా తొందర దానిని కొంతకాలము దాచినది.

ఇకముందు సంఘమువారు పాటింపవలసినవి కొన్ని సూచింతుము. రేణుపరిమాణము మైక్రానులలో ముద్రింపబడని పొట్లమును కొనరాదు. అల్యూమినియము ఆక్సైడు ప్రధానముగ నుంచి, స్ఫటికములకై సీరియము ఆక్సైడు కొద్దిగ తెప్పించిన చాలును. చిన్నపాత్రకు మెరుగుపొడి చెంచాలతో కొలుచునంతకు మించి పట్టదు. మిగులు సొమ్ముతో మెరుగునకు మాత్రమే వాడు వేరుపాత్ర నొకటి కొనుట పొడికంటె నెక్కువ లాభకరము. రాతిధూళిని పీల్చుట ఊపిరితిత్తులకు హానికరము గనుక, పని యంతయు తడిగనే జరుగవలయును. కడిగిన బురదను తూములో పోయరాదు. అది లోపల పేరుకొని గట్టిపడి నీటిదారిని మూసివేయును.

తడిరాయి ప్రతిదియు మెరయును. దానిని చూచి మోసపోరాదు. రాతిని తుడిచి, బాగుగ నారనిచ్చి, కిటికీయొద్ద పట్టి చూడవలయును. కిటికీ చువ్వలు దానియందు స్పష్టముగ నగుపడినచో మెరుగు వచ్చినట్లు. అగుపడనిచో పొడిని తిట్టక, వెనుకటి మెట్టునకు పోవలయును. ఆ యెర్రని జాస్పరునందు మా తరగతిగది కిటికీ చువ్వలు నాలుగును ఇప్పుడు లెక్కింపవచ్చును. నమ్మనివారు ఆ బాలు నడిగి చూడగలరు; రాయి నిత్యము వాని జేబులోనే యుండును.