గాలిమరలపై మోపిన నింద

2021లో టెక్సాస్ రాష్ట్రం ఎలా గడిచిందో చెప్పమంటే మనవాళ్లలో చాలామంది ఒకే కథ వినిపిస్తారు. ఫిబ్రవరిలో ఎవరూ ఊహించని మంచు తుఫాను వచ్చింది. గాలిమరలు గడ్డకట్టి కరెంటు పోయింది. పాపం, కొందరు చనిపోయారు. ఆ తర్వాత ఏప్రిల్‌లో బేలర్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ టైటిల్ కొట్టింది, స్టేడియాలు నిండాయి, టెస్లా ప్రధాన కార్యాలయం ఆస్టిన్‌కు వచ్చింది, టెక్సాస్ కోలుకుంది. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల వేలాది తెలుగు కుటుంబాలు ఉన్నాయి కాబట్టి ఈ కథ విజయవాడకూ వరంగల్‌కూ కూడా చేరింది, ఇక్కడి పెద్దవాళ్లు కూడా నమ్మారు.

ఈ కథలో రెండు అబద్ధాలున్నాయి. కరెంటు గాలిమరల వల్ల పోయిందన్నది ఒకటి. ఎవరూ ఊహించలేదన్నది రెండోది. రాష్ట్ర ఆరోగ్యశాఖ తేల్చిన లెక్క ప్రకారమే ఆ తుఫానులో 246 మంది చనిపోయారు. అంతమంది ప్రాణాలు పోయిన విషయంలో తప్పుడు కారణం చలామణీ అవుతుంటే చూస్తూ ఊరుకోకూడదు.

ముందు గాలిమరల సంగతి. ఫిబ్రవరి 16 రాత్రి, లక్షల ఇళ్లు చీకట్లో ఉండగా, గవర్నర్ గ్రెగ్ ఆబట్ ఒక జాతీయ టీవీ ఛానల్‌లో కూర్చుని గాలి, సౌర విద్యుత్తు ఆగిపోవడం వల్లే రాష్ట్రం ఈ స్థితికి వచ్చిందన్నట్టు మాట్లాడారు. రాష్ట్ర గ్రిడ్‌ను నడిపే ఎర్కాట్ సంస్థ అధికారులు అదే రోజు చెప్పిన లెక్క వేరు. ఆగిపోయిన సుమారు 45,000 మెగావాట్లలో దాదాపు 30,000 మెగావాట్లు గ్యాస్, బొగ్గు, అణు విద్యుత్తువి. గాలి, సౌరం కలిపి సుమారు 16,000. గవర్నర్ తర్వాత తన మాట సవరించుకున్నారు గానీ అప్పటికే ఆ మాట ప్రపంచమంతా తిరిగింది. దానికి తోడు హెలికాప్టర్‌తో గాలిమర రెక్కల మీది మంచు కరిగిస్తున్న ఫోటో ఒకటి ఫోన్లలో చక్కర్లు కొట్టింది. అది టెక్సాస్‌ది కాదు, ఏళ్ల కిందట స్వీడన్‌లో తీసింది.

గాలిమరలు కూడా గడ్డకట్టాయి, నిజమే. ఆ నిజాన్ని దాచనవసరం లేదు. కానీ ఎందుకు గడ్డకట్టాయి? చలి ప్రాంతాల్లో రెక్కలను వేడిగా ఉంచే ఏర్పాటుతో గాలిమరలు పెడతారు. టెక్సాస్ యజమానుల్లో చాలామంది ఆ ఖర్చు పెట్టలేదు. టెక్సాస్ కంటే ఎంతో చలి ఉండే అయోవా రాష్ట్రంలో 2020లో తయారైన కరెంటులో సగానికి పైగా గాలి నుంచే వచ్చింది. కాబట్టి గాలిమర చలికి పనికిరాదనడం తప్పు. చలికి సిద్ధం చేయని యంత్రం ఏదైనా ఆగుతుంది. గ్యాస్ ప్లాంట్లు ఆగాయి, బొగ్గు ప్లాంట్లు ఆగాయి. చివరికి బే సిటీ దగ్గరున్న సౌత్ టెక్సాస్ అణు విద్యుత్ కేంద్రంలో కూడా ఒక చిన్న గొట్టంలో నీరు గడ్డకట్టి ఒక రియాక్టర్ ఆగింది. అణువిద్యుత్తు చలికి పనికిరాదని దీన్ని చూసి ఎవరైనా అన్నారా? అనలేదు. గాలిమరలకు మాత్రం వేరే న్యాయం వర్తించింది.

అదే ఏడాది నవంబర్‌లో కేంద్ర ఇంధన నియంత్రణ సంస్థ ఫెర్క్, గ్రిడ్ ప్రమాణాల సంస్థ నెర్క్ కలిసి పూర్తి నివేదిక ఇచ్చాయి. టెక్సాస్‌లోనూ చుట్టుపక్కల రాష్ట్రాల్లోనూ దెబ్బతిన్న 1,045 యూనిట్లలో 58 శాతం గ్యాస్‌తో నడిచేవి, 27 శాతం గాలివి. అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటి అందులోనే ఉంది. గడ్డకట్టి ఆగిన సందర్భాల్లో 81 శాతం, ఆ యూనిట్లు తట్టుకుంటాయని యజమానులు రాసిచ్చిన చలి కంటే తక్కువ చలిలోనే జరిగాయి. తట్టుకోగలమని కాగితం మీద చెప్పిన చలికే అవి కూలబడ్డాయి. దీన్ని ప్రకృతి వైపరీత్యం అని ఎలా అంటారు?

ఇక గ్యాస్ కథ. దీన్ని దగ్గరగా చూడాలి. పశ్చిమ టెక్సాస్‌లో బావి నుంచి పైకి వచ్చే గ్యాస్‌తో పాటు నీరు కూడా వస్తుంది. ఆ నీరు బావి ముఖం దగ్గరే గడ్డకడితే గ్యాస్ ఆగుతుంది. గడ్డకట్టకుండా బయటపడిన గ్యాస్‌ను పైపుల్లోకి నెట్టే కంప్రెసర్లలో చాలావాటికి కరెంటు కావాలి. గ్రిడ్ అధికారులు లోడ్ తగ్గించడానికి ఫీడర్లు కోసేస్తున్నప్పుడు ఆ కంప్రెసర్లకు వెళ్లే లైన్లు కూడా కోసేశారు. కారణం, తాము అత్యవసర వినియోగదారులమని చెప్పే ఫారం చాలా గ్యాస్ కంపెనీలు నింపి ఇవ్వలేదు. కరెంటు లేక గ్యాస్ ఆగింది. గ్యాస్ లేక కరెంటు ప్లాంటు ఆగింది. ప్లాంటు ఆగినందుకు ఇంకొన్ని లైన్లు కోశారు. రాష్ట్రంలో గ్యాస్ ఉత్పత్తి దాదాపు సగానికి పడిపోయింది. ఒక ఫారం నింపితే కొంతైనా తప్పేది.

ఫిబ్రవరి 15 తెల్లవారుజామున ఎర్కాట్ కంట్రోల్ రూంలో జరిగింది ఇంకా భయంకరం. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ దగ్గర నడిస్తే అమెరికాలో 60 దగ్గర నడవాలి. ప్లాంట్లు వరసగా కూలుతుంటే ఆ అంకె 59.4 కిందికి జారి 4 నిమిషాల 23 సెకన్లు అక్కడే ఉండిపోయింది. 9 నిమిషాలు అలా ఉంటే మిగిలిన ప్లాంట్లు కూడా తమను తాము కాపాడుకోవడానికి వాటంతటవే ఆగిపోతాయి. అప్పుడు రాష్ట్రం మొత్తం చీకటే, తిరిగి నిలబెట్టడానికి వారాలు పట్టేది. ఆపరేటర్లు చకచకా లోడ్ కోసి గ్రిడ్‌ను నిలబెట్టారు. మిగిలిన వ్యవధి 4 నిమిషాల 37 సెకన్లు. ఆ ఆపరేటర్లకు నిజంగా చేతులెత్తి దండం పెట్టాలి. అయితే వాళ్లను ఆ అంచుదాకా నెట్టినవాళ్లు వేరే ఉన్నారు.

ఎవరూ ఊహించలేదన్న మాటకు వద్దాం. 1989 డిసెంబర్‌లో డాలస్ దాదాపు ఇంతే చలి చూసింది. అప్పుడూ ప్లాంట్లు ఆగాయి, చలికి సిద్ధం చేసుకోండని నియంత్రణ సంస్థ సూచనలిచ్చింది. 2011 ఫిబ్రవరిలో మళ్లీ చలి, మళ్లీ కోతలు. అప్పుడు అమెరికా కళ్లన్నీ టెక్సాస్ మీదే ఉన్నాయి. ఫిబ్రవరి 6న ఆర్లింగ్టన్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్ జరగాల్సి ఉంది. ఆటకు రెండు రోజుల ముందు స్టేడియం కప్పు మీది మంచు పెళ్లలు జారిపడి పనివాళ్లు గాయపడ్డారు. ఆ ఆగస్టులో ఫెర్క్, నెర్క్ నివేదిక వచ్చింది. 1989 సూచనలను పట్టించుకోలేదని, ఈసారైనా బావులనూ ప్లాంట్లనూ సిద్ధం చేయమని స్పష్టంగా రాసింది. రాష్ట్రం దాన్ని తప్పనిసరి చేయలేదు. పదేళ్లు గడిచాయి.

చెప్పిన మాట విన్న ఊరు కూడా టెక్సాస్‌లోనే ఉంది. ఎల్ పాసో నగరం ఎర్కాట్ గ్రిడ్‌లో లేదు, పశ్చిమ రాష్ట్రాల గ్రిడ్‌లో ఉంది. 2011 దెబ్బ తర్వాత అక్కడి విద్యుత్ సంస్థ డబ్బు ఖర్చుపెట్టి ప్లాంట్లను చలికి సిద్ధం చేసుకుంది. 2021లో మిగతా రాష్ట్రంలో 45 లక్షల ఇళ్లకు, వ్యాపారాలకు కరెంటు పోతే, ఎల్ పాసోలో కొన్ని వేల మందికి పోయింది, అందులోనూ కొందరికి కొద్ది నిమిషాలే. తప్పు ఎక్కడ జరిగిందో ఈ తేడా చూపిస్తుంది.

వేరే గ్రిడ్ ఉండటమే మేలని వాదించేవాళ్లు మనలోనూ ఉన్నారు. 2012 జులైలో ఉత్తర భారతం చీకటైనప్పుడు దక్షిణ గ్రిడ్ వేరుగా ఉండబట్టే మనకు దీపాలు వెలిగాయి కదా అంటారు. ఆ రెండు రోజుల వరకు నిజమే. కానీ అదే ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పవర్ హాలిడేలు గుర్తున్నాయా? ఫ్యాక్టరీలు వారంలో కొన్ని రోజులు మూసుకున్నాయి, పల్లెల్లో గంటల తరబడి కోత. బయట కరెంటు ఉన్నా తెచ్చుకోవడానికి చాలినంత లైను లేదు. అందుకే 2013 చివర రాయచూర్–షోలాపూర్ లైనుతో దక్షిణాన్ని దేశంతో కలిపారు. మనం లైను లేక విడిగా ఉన్నాం, వేసుకోగానే కలిశాం. టెక్సాస్ మాత్రం కేంద్ర నియంత్రణ తన మీద పడకూడదని కోరి విడిగా ఉంది. ఆ ఫిబ్రవరిలో పొరుగు నుంచి తెచ్చుకోగలిగే దారి 1,200 మెగావాట్ల చిల్లర, కోసిన లోడు 20,000 మెగావాట్లు. వేరుపడటం వల్ల ఎవరికి లాభమో, ఎవరికి నష్టమో ఇక వేరే చెప్పాలా?

కోతలు వంతులవారీగా ఉంటాయని మొదట చెప్పారు. ఆసుపత్రులున్న ఫీడర్లను కోయలేరు, అందువల్ల ఒకే పేటలు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయాయి. డౌన్‌టౌన్‌లలో ఖాళీ ఆఫీసు భవనాలు దీపాలతో మెరుస్తూ కనిపించాయి. డాలస్‌లో సున్నా కింద 19 డిగ్రీల సెల్సియస్ వరకు పడిపోయింది. అటకల్లోని పైపులు పగిలి పైకప్పులు ఊడి నీళ్లతో కింద పడ్డాయి. చనిపోయిన 246 మందిలో సుమారు మూడింట రెండు వంతులు నేరుగా చలికే పోయారు. గ్యారేజీలో కారు స్టార్ట్ చేసి వెచ్చదనం కోసం కూర్చుని, ఆ పొగకు చనిపోయినవాళ్లున్నారు.

ఆ రోజుల్లో సామాన్యులు చూపిన మంచితనం గొప్పది. హ్యూస్టన్‌లో జిమ్ మెకింగ్‌వేల్ తన ఫర్నిచర్ దుకాణాలు తెరిచి జనాన్ని పరుపుల మీద పడుకోనిచ్చాడు. ఆస్టిన్ దగ్గర లియాండర్‌లో ఒక హెచ్‌ఈబీ సూపర్‌మార్కెట్‌లో కరెంటు పోతే, బండ్లు నింపుకున్న జనాన్ని డబ్బు కట్టించుకోకుండానే పంపేశారు. టెక్సాస్ స్ఫూర్తి అంటూ ఈ కథలే పదే పదే చెప్తారు. చెప్పండి, కానీ వాటిని అడ్డంపెట్టి ప్రభుత్వాన్ని తప్పించకండి. పౌరులు ఒకరినొకరు కాపాడుకోవాల్సి వచ్చిందంటే కాపాడాల్సినవాళ్లు చేతులెత్తేశారనే అర్థం. సెనేటర్ టెడ్ క్రూజ్ ఆ వారమే కుటుంబంతో మెక్సికో బీచ్‌కు విమానమెక్కి, గొడవ అయ్యాక మర్నాడు తిరిగొచ్చారు.

ఇక కోలుకుందన్న మాట. బేలర్ ఏప్రిల్ 5న గొంజాగాను 86–70తో ఓడించింది, ఓటమి ఎరగకుండా ఫైనల్‌కు వచ్చిన జట్టును ఓడించడం చిన్న విషయం కాదు. బేలర్ ఉన్న వేకో పట్టణం సంబరాలకు తగినదే ఆ గెలుపు. కానీ బంతి బుట్టలో పడితే గ్రిడ్ బాగుపడదు. ఫిబ్రవరిలో డాలస్ స్టార్స్ హాకీ మ్యాచ్, మావెరిక్స్, రాకెట్స్ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లు వాయిదా పడ్డాయన్న సంగతి ఏడాది చివరి క్రీడా సమీక్షల్లో ఎక్కడో మూలన ఉంటుంది. అది మొదటి పేజీ వార్త.

సంస్కృతి వైపు చూసినా ఇదే తగువు, నిజం చెప్పాలా, అందమైన కథ చెప్పాలా అని. టెక్సాస్ పల్లెల మీద భ్రమలు లేకుండా రాసిన లారీ మెక్‌మర్ట్రీ ఆ మార్చిలో కన్నుమూశాడు. జూన్‌లో, ఫోర్ట్‌వర్త్‌కు చెందిన 94 ఏళ్ల ఓపల్ లీ ఏళ్ల తరబడి నడిచి పోరాడిన జూన్‌టీన్త్ జాతీయ సెలవు అయ్యింది. బానిసత్వం రద్దయిన కబురు రెండున్నరేళ్లు ఆలస్యంగా 1865 జూన్ 19న గాల్వెస్టన్ చేరిన రోజు అది. పక్షం తిరగకుండానే, టెక్సాస్ స్వాతంత్ర్య యుద్ధానికి గుర్తుగా నిలిచిన అలామో కోట చరిత్రలో బానిసత్వం పాత్రను చెప్పే ఒక పుస్తకం మీద ఆస్టిన్‌లోని రాష్ట్ర మ్యూజియంలో జరగాల్సిన సభను రద్దు చేయించారు. లెఫ్టినెంట్ గవర్నర్ డాన్ పాట్రిక్ అది తన చలవేనని చెప్పుకున్నారు కూడా. నవంబర్ 5న హ్యూస్టన్ ఆస్ట్రోవరల్డ్ సంగీతోత్సవంలో జనం నలిగి 10 మంది చనిపోయారు, అందులో తొమ్మిదేళ్ల బాలుడు. 2019లోనే అదే ఉత్సవం గేటు దగ్గర తొక్కిసలాటలో కొందరు గాయపడ్డారు. హెచ్చరిక ముందే వచ్చింది, ఇక్కడ కూడా.

విద్యుత్ నియంత్రణ కమిషన్ అధ్యక్షురాలు రాజీనామా చేశారు, ఎర్కాట్ అధిపతిని తొలగించారు. జూన్‌లో చట్టం చేసి, గ్రిడ్‌ను బాగుచేయడానికి చేయాల్సిందంతా చేశామని గవర్నర్ ప్రకటించారు. వారం తిరక్కముందే, ఎండాకాలం నడిబొడ్డుకు ఇంకా చేరకముందే, ప్లాంట్లు ఆగిపోయాయి, కరెంటు పొదుపుగా వాడండని ఎర్కాట్ జనాన్ని వేడుకుంది. ఆ శరదృతువులో గ్యాస్ పరిశ్రమకు రాసిన నిబంధనల తొలి ముసాయిదాలో, 150 డాలర్లు కట్టి దరఖాస్తు పెట్టుకుంటే అత్యవసర జాబితా నుంచి, దానితోపాటే చలి ఏర్పాట్ల బాధ్యత నుంచి తప్పుకునే దారి ఉంచారు. అధికార పార్టీ సెనేటర్లే మండిపడితే గానీ దాన్ని బిగించలేదు.

డాలస్‌లో, హ్యూస్టన్‌లో పిల్లలున్న తల్లిదండ్రులకు, అక్కడే ఓటు హక్కు పొందిన మనవాళ్లకు ఒక్క మాట. గాలిమరల ఫోటో మళ్లీ ఎవరైనా పంపితే నవంబర్ 2021 నివేదికలోని ఆ 81 శాతం లెక్క తిరిగి పంపండి. ఎన్నికలప్పుడు గ్యాస్‌ను నియంత్రించే రైల్‌రోడ్ కమిషన్ సభ్యుల పేర్లు కూడా బ్యాలెట్ మీద ఉంటాయి. వాళ్లను చలి ఏర్పాట్ల గురించి అడిగి ఓటేయండి.