భిన్నాభిప్రాయం పగగా ఎందుకు మారుతోంది?

మీ బిడ్డ ఎదుటి పార్టీవారిని పెళ్లి చేసుకుంటే బాధపడతారా? 1960లో అమెరికాలో ఈ ప్రశ్న వేస్తే అవునన్నవారు నూటికి సుమారు ఐదుగురు. ఇంచుమించు అదే ప్రశ్నను 2010లో మళ్లీ అడిగారు. ఈసారి రిపబ్లికన్లలో దాదాపు సగం మంది, డెమోక్రాట్లలో మూడోవంతు మంది బాధపడతామన్నారు. కులం చూసి సంబంధం వద్దనుకోవడం మనం ఎరిగినదే. అక్కడ ఆ పీట మీద ఇప్పుడు పార్టీ కూర్చుంది.

అమెరికా గొడవ మనకెందుకని తీసిపారేయలేము. డాలస్‌లో, న్యూజెర్సీలో తెలుగు సంఘాలు ఆరాధిస్తున్నాయి. మన పిల్లలు అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు. వలసలు, వీసాలు, గర్భస్రావం, తుపాకులు వంటి విషయాలపై లిబరల్స్‌కూ కన్జర్వేటివ్‌లకూ నడిచే వాదం వారి ఇళ్లలోకీ, వారి సహవాసాల్లోకీ వస్తుంది. పెద్దమనుషుల్లా మాట్లాడుకోవడం వారికి ఎందుకింత కష్టమవుతోంది?

మొదటి కారణం చరిత్రలో ఉంది. ఒకప్పుడు రెండు పార్టీల్లోనూ రెండు రకాల ఆలోచనలవారూ ఉండేవారు. దక్షిణాది కన్జర్వేటివ్‌లు డెమోక్రాట్లు; ఈశాన్యంలో ఉదారభావాలున్న రిపబ్లికన్లు చాలామంది. 1964 పౌరహక్కుల చట్టానికి ఓటేసినవారి శాతం డెమోక్రాట్లలో కంటే రిపబ్లికన్లలోనే ఎక్కువ. ఆ తరువాత దక్షిణాది తెల్లజాతి ఓటర్లు మెల్లగా పార్టీ మారారు. 1973లో గర్భస్రావంపై సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, 1980లో రేగన్ గెలుపు మతవిశ్వాసుల్లో చాలామందిని ఒక వైపుకు చేర్చాయి. నేడు జాతి, మతం, ఊరు, పట్నం అన్నీ పార్టీతో కలిసిపోయాయి. పన్నుల మీద వాదన ఓడిపోయినా తన వాళ్లంతా ఓడిపోయినట్టే మనిషికి అనిపిస్తుంది.

రెండవది, మంచిచెడ్డలను తూచే తూనిక. సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త జొనాథన్ హైట్ 2012లో వెలువరించిన పుస్తకంలో దీనిని వివరించాడు. బాధపడేవారి పట్ల కనికరం, న్యాయం — లిబరల్స్ ప్రధానంగా వీటితో తూస్తారు. కన్జర్వేటివ్‌లు వీటితోపాటు విధేయత, పెద్దల పట్ల గౌరవం, పవిత్రత కూడా కలిపి తూస్తారు. సరిహద్దు దాటి వచ్చిన కుటుంబాన్ని చూసి ఒకరికి ఆకలిగొన్న పరదేశి గుర్తొస్తే, మరొకరికి ఉల్లంఘించబడిన చట్టం గుర్తొస్తుంది. రెండూ నీతి గురించిన ఆలోచనలే. అయినా ఒకరు ఎదుటివారిని రాతిగుండె అంటారు, ఇంకొకరు దేశద్రోహి అంటారు. ఎవరు పట్టిన కుందేలుకు వారికి మూడే కాళ్లు.

మూడవది, చెవిలో పడే మాట. వివాదాస్పద విషయాల్లో భిన్న వాదనలకు చోటివ్వాలని రేడియో, టీవీలకు 1949 నుంచి ఒక నియమం ఉండేది. 1987లో దాన్ని ఎత్తివేశారు. 1996లో ఫాక్స్ న్యూస్, ఎంఎస్ఎన్‌బీసీ రెండూ మొదలయ్యాయి. ఆ పైన ఫోను వచ్చింది. 2019లో మోర్ ఇన్ కామన్ అనే సంస్థ చేసిన అధ్యయనంలో, ఎదుటి పక్షంలో తీవ్రభావాలున్నవారు నిజంగా ఉన్నదానికి దాదాపు రెట్టింపు ఉన్నారని ఇరువర్గాలూ ఊహించుకుంటున్నట్టు తేలింది. వారు పోట్లాడుతున్నది సగం మనుషులతో, సగం బొమ్మలతో.

సంఘం ఈ విషయంలో వేరుగా నిలిచిందా? 2016 ఎన్నికల్లో తెల్లజాతి ఇవాంజెలికల్ ఓటర్లలో ప్రతి పదిమందిలో సుమారు ఎనిమిదిమంది ట్రంప్‌కు ఓటు వేశారు. నల్లజాతి ప్రొటెస్టెంట్లలో అత్యధికులు క్లింటన్‌కు వేశారు. చదివే బైబిలు ఒక్కటే.

అలాగని శాంతి పేరుతో నోరు మూసుకోవడం పరిష్కారం కాదు. వీసా రద్దయితే సామాను సర్దుకోవలసిన కుటుంబానికి వలస చట్టం అనేది కాలక్షేపం చర్చ కాదు. గాయపడినవాడిని మెల్లగా మాట్లాడమని చెప్పడం గాయపరచనివాడికి సులువు. 1963లో బర్మింగ్‌హామ్ చెరసాల నుండి మార్టిన్ లూథర్ కింగ్ రాసిన ఉత్తరం ఇందుకు సాక్ష్యం. ఓపిక పట్టమని హితవు చెప్పిన ఎనిమిదిమంది తెల్లజాతి మతపెద్దలకు ఆయన జవాబిచ్చాడు. వారిని తోటి సేవకులుగానే సంబోధించాడు. చెప్పవలసిన నిజంలో ఒక్క వీసం కూడా తగ్గించలేదు.

సుప్రీంకోర్టు న్యాయమూర్తులు గిన్స్‌బర్గ్, స్కాలియా మరో ఉదాహరణ. ఆమె లిబరల్, ఆయన కన్జర్వేటివ్. స్త్రీలను చేర్చుకోని వర్జీనియా సైనిక విద్యాలయం కేసులో 1996లో మెజారిటీ తీర్పు ఆమె రాసింది. విభేదించింది ఆయన ఒక్కడే. తన అసమ్మతి ముసాయిదాను ఆయన ముందుగానే ఆమెకు ఇచ్చాడు. అందులోని విమర్శ వల్లే తన తీర్పు మెరుగుపడిందని ఆమె తరువాత చెప్పింది. ఇద్దరూ తమ మాట వదులుకోలేదు, స్నేహమూ వదులుకోలేదు. ఎదుటివాడి గట్టి వాదన తన వాదనకు సానరాయి అని వారికి తెలుసు.

ప్రభువు తన పన్నెండుమందిలో పన్ను వసూలు చేసిన సుంకరి మత్తయిని, జెలోతే అనబడిన సీమోనును ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. మన సంఘాల్లోనూ వేర్వేరు పార్టీలకు ఓటేసినవారు ఒకే రొట్టె విరుస్తున్నారు. కాబట్టి వాదనకు దిగే ముందు ఒక చిన్న నియమం పెట్టుకుందాం. ఎదుటివారి మాటను, అవును నేనన్నది అదే అని వారు ఒప్పుకునేలా మొదట మనం చెప్పగలగాలి. ఆ తరువాతే మన జవాబు. ఫార్వర్డ్ చేసే ముందు అది నిజమో కాదో చూడాలి. అబద్ధసాక్ష్యం గురించిన ఆజ్ఞ వాట్సాప్‌కూ వర్తిస్తుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు పెద్దలు. ముందు సంఘంలో ఆ నోరు వినబడితే, ఊరు దాన్ని నేర్చుకోవడానికి ఒక చోటు ఉంటుంది.